నొజవన: ఒక జపాను ఆకుకూర

జపాను దేశమున నగానొ మండలమందు నొజవ ఓన్సెన్ అను కొండగ్రామము గలదు. అచ్చట శీతకాలమున మంచు నిలువెత్తున పేరుకొనును. పొలమున పచ్చని యాకు దొరకదు. కనుక గ్రామస్థులు మంచునకు ముందే నొజవన యను నాకుకూరను ఊరవేసి దాచుకొందురు.

ఇది ఆవమొక్కకు చుట్టము. రెండు మూడడుగుల యెత్తు పెరుగును. 1756లో కెన్మేజి యను బౌద్ధాలయపు గురువొకడు ఒసాకా ప్రాంతపు తెన్నోజి టర్నిప్ విత్తనములు తెచ్చి నాటగా, ఆ చలికి దుంప యూరక ఆకే యేపుగా పెరిగినదని పరంపరగా చెప్పుదురు. ముచ్చటైన కథయే. కాని విత్తనములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఆ రెండును వేర్వేరు వంశములని తేల్చిరి. విద్యార్థులారా, కథను మరువ నక్కరలేదు. కథయని మాత్ర మెరుగుడు.

నవంబరులో, గడ్డకట్టు మంచు సోకి ఆకు తియ్యబడిన పిమ్మట కోసి, ఊరి వేడినీటి బుగ్గల స్నానశాలలలో కడుగుదురు. తరువాత పీపాలలో పొరపొరకు ఉప్పు చల్లి, పైన బరువుంతురు. మన ఊరగాయలలోని నూనె యిందు లేదు. కొలది దినములకే తినవచ్చును. అప్పుడది పచ్చగా, కరకరలాడుచుండును. చలిలో మెల్లగా పులిసి, వసంతమునకు పసుపువన్నె తిరిగి మిక్కిలి పుల్లనగును. పారవేయుదురా? లేదు. ఉప్పు పోవునట్లు కడిగి, తరిగి, నూనెలో వేయించి, గోధుమ లేక బక్వీటు పిండిముద్దలో పొదిగి కాల్చుదురు. దీనిని ఒయాకి యందురు. మన బూరెలోని పూర్ణమునకు మారుగా పుల్లకూర యనుకొనుడు.