సిగ్నల్ ఎవరి చేతిలో? – ఫోన్ కంపెనీలు, మన మాట్లాడే హక్కు



కూడు, గూడు, గుడ్డ మనిషి కనీస అవసరాలని చిన్న తరగతుల నుంచి చదువుకుంటూ వచ్చాం. నేడు వాటి పక్కన మరొకటి చేర్చక తప్పదు. అదే మన మాట అవతలివారికి అందడం. ఇంటికి దూరంగా హాస్టళ్ళలో ఉండి చదువుకునే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అమ్మానాన్నల క్షేమం తెలుసుకోవాలన్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టాలన్నా, హాల్‌టికెట్ తీసుకోవాలన్నా ఫోనే ఆధారం. ఆ ఫోనును పనిచేయించే టవరు, కేబులు మాత్రం కంపెనీల చేతిలో ఉంటాయి. ప్రభుత్వం ఆపమంటే కంపెనీ ఆపేస్తుంది. అలాంటప్పుడు కంపెనీని ప్రశ్నించే హక్కు ప్రజలకు ఉందా? ఉంటే ఏమని ప్రశ్నించాలి? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

హక్కు ఎలా పుట్టింది?

1920 జనవరి 31న డాక్టర్ అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రికను ప్రారంభించారు. మూగవారి నాయకుడు అని దాని అర్థం. డబ్బు చెల్లిస్తామన్నా ఆ పత్రిక ప్రకటనను వేసుకోవడానికి అప్పటి ప్రసిద్ధ 'కేసరి' పత్రిక ఒప్పుకోలేదు. నోరు ఉన్నంత మాత్రాన చాలదని, మాటను మోసే సాధనం ఎవరి చేతిలో ఉందన్నది కూడా ముఖ్యమని ఈ ఒక్క ఉదాహరణ చాలు మనకు చెప్పడానికి.

1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 19వ అధికరణం, ఏ సాధనం ద్వారానైనా సమాచారాన్ని కోరే, పొందే, పంచుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని చెప్పింది. 1969లో ఫ్రాన్స్ దేశస్థుడైన జీన్ డార్సీ ఒక అడుగు ముందుకు వేసి, రానున్న కాలంలో ఇంతకంటే విశాలమైన 'సంభాషించే హక్కు'ను గుర్తించవలసి వస్తుందని రాశారు. పత్రిక, రేడియోలలో కొద్దిమంది చెబుతారు, ఎక్కువమంది వింటారు. సంభాషణలో వినేవారు కూడా తిరిగి చెప్పగలగాలి. 1980లో యునెస్కోకు నివేదిక ఇచ్చిన మెక్‌బ్రైడ్ సంఘం కూడా ఈ ఆలోచనను చర్చించింది. ఆ సంఘంలో మన దేశం నుంచి పాత్రికేయుడు బి.జి. వర్గీస్ సభ్యుడు.

మన రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావ ప్రకటనా స్వేచ్ఛను ఇచ్చింది. 19(2) దానికి సహేతుకమైన పరిమితులను చెప్పింది. అంటే ఇది హద్దులు లేని హక్కు కాదు. కానీ హద్దు పెట్టేవారు అందుకు కారణం చెప్పి తీరాలి.

ఈజిప్టు నేర్పిన పాఠం

2011 జనవరి 25న ఈజిప్టులో అధ్యక్షుడు ముబారక్ పాలనకు వ్యతిరేకంగా ప్రజలు వీధుల్లోకి వచ్చారు. 27వ తేదీ అర్ధరాత్రి దాటాక ఆ దేశంలో ఇంటర్నెట్ దాదాపు పూర్తిగా ఆగిపోయింది. 28న మొబైల్ ఫోన్లు కూడా మూగబోయాయి. కాల్స్ మరుసటి రోజు తిరిగి వచ్చినా, ఇంటర్నెట్ రావడానికి ఫిబ్రవరి 2 దాకా పట్టింది. గాయపడినవారి కోసం సాయం పిలవడానికి, ఇంటికి రాని కొడుకు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి దారి లేకపోయింది.

దీనిపై వోడాఫోన్ కంపెనీ ఇచ్చిన సమాధానం ఒక్కటే: చట్టం ప్రకారం ప్రభుత్వానికి ఆ అధికారం ఉంది, మేము పాటించక తప్పదు. తరువాత, ప్రభుత్వానికి అనుకూలమైన ఎస్‌ఎమ్‌ఎస్‌లను కూడా తమ నెట్‌వర్క్ ద్వారా బలవంతంగా పంపించారని అదే కంపెనీ ఫిర్యాదు చేసింది. ఆ అయిదు రోజుల్లో ఈజిప్టుకు సుమారు 9 కోట్ల డాలర్ల నష్టం జరిగిందని ఓఈసీడీ సంస్థ అంచనా వేసింది.

కంపెనీ ఇబ్బందిని కూడా మనం అర్థం చేసుకోవాలి. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే. మాట వినకపోతే స్థానిక ఉద్యోగులకు ప్రమాదం రావచ్చు. అయితే ఆ ఒక్క కారణంతో కంపెనీ బాధ్యత పూర్తిగా తీరిపోతుందా?

ప్రజా సంఘాలు అడిగినవి

2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి, జాన్ రగ్గీ రూపొందించిన మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. హక్కులను కాపాడటం ప్రభుత్వ విధి, హక్కులను గౌరవించడం కంపెనీ బాధ్యత, నష్టపోయినవారికి పరిహారం దొరకాలి అనేవే ఆ సూత్రాల సారం. 2012లో యాక్సెస్ అనే హక్కుల సంస్థ టెలికాం కంపెనీల కోసం పది అంశాల కార్యాచరణ పత్రాన్ని విడుదల చేసింది. ఇలాంటి సంఘాలు కంపెనీలను అడుగుతూ వచ్చిన వాటిని మనం నాలుగు ప్రశ్నలుగా గుర్తుంచుకోవచ్చు.

1. ఆదేశం నోటిమాటగా వచ్చిందా, రాతపూర్వకంగా వచ్చిందా? సంతకం ఎవరిది?

2. ఆ ఆదేశానికి చట్టంలో ఆధారం ఉందా? లేకపోతే కంపెనీ అభ్యంతరం చెప్పిందా?

3. ఎంత ప్రాంతం, ఎంత కాలం? తక్కువతో సరిపోయేదానికి ఎక్కువ ఆపలేదు కదా?

4. వినియోగదారులకు ఆ సంగతి చెప్పారా?

ఈ ప్రశ్నల్లో కంపెనీ చేయలేనివి ఏమీ లేవు. అందుకే వీటికి బలం ఉంది.

ఫలితం ఏమిటి?

2013 మార్చిలో వోడాఫోన్, ఆరెంజ్, టెలినార్‌తో సహా ఎనిమిది కంపెనీలు ఒక వేదికగా ఏర్పడి భావ ప్రకటన, గోప్యతలపై ఉమ్మడి సూత్రాలను ప్రకటించాయి. 2014లో వోడాఫోన్ 29 దేశాల ప్రభుత్వాల నుంచి తనకు వచ్చే నిఘా కోరికల గురించి నివేదిక వెలువరించింది.

అయినా సమస్య తీరలేదు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. నార్వేకు చెందిన టెలినార్ మొదట్లో తనకు అందిన ఆదేశాలను బయటపెట్టింది. ఫిబ్రవరి 14 నుంచి అది కూడా సాధ్యం కావడం లేదని చెప్పింది. జూలైలో వ్యాపారాన్ని అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. అలా అయితే లక్షలాది వినియోగదారుల వివరాలు ఎవరి చేతికి పోతాయని 474 మయన్మార్ ప్రజా సంఘాల తరఫున నార్వేలో ఫిర్యాదు దాఖలైంది. అయినా 2022 మార్చిలో అమ్మకం పూర్తయింది. కంపెనీ వచ్చేటప్పుడే కాదు, వెళ్ళిపోయేటప్పుడు కూడా దానికి బాధ్యత ఉంటుందని ఈ సంఘటన తెలియజేస్తోంది.

మన దేశంలో

ఇది పరాయి దేశాల కథ అనుకోవద్దు. యాక్సెస్ నౌ లెక్క ప్రకారం 2023లో మన దేశంలో 116 సార్లు, 2024లో 84 సార్లు ఇంటర్నెట్ ఆపివేశారు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో అల్లర్లు జరిగాయి. ఆ తరువాత అక్కడ కూడా మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు. అల్లర్లను ఆపడం ప్రభుత్వ విధి, కాదనలేం. కానీ అల్లరితో ఏ సంబంధమూ లేని విద్యార్థికి, కూలి డబ్బు ఫోన్‌లో అందుకునే కార్మికుడికి కూడా ఆ రోజుల్లో దారి మూసుకుపోతుంది.

2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు ఇచ్చింది. ఇంటర్నెట్ ద్వారా భావ ప్రకటనకు రాజ్యాంగ రక్షణ ఉందని, నిరవధికంగా నిలిపివేయడం కుదరదని, నిలుపుదల ఆదేశాలను ప్రచురించాలని చెప్పింది. ప్రచురిస్తేనే కదా, ఎవరైనా కోర్టులో సవాలు చేయగలిగేది!

మనం చేయగలిగినది

ఇంటర్నెట్ ఆగితే తేదీ, సమయం, ప్రాంతం రాసి పెట్టుకోవాలి. కంపెనీ కస్టమర్ కేర్‌ను కారణం అడిగి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ప్రైవేటు కంపెనీ నేరుగా సమాచార హక్కు చట్టం కిందికి రాదు. కానీ ఆదేశం ఇచ్చిన హోం శాఖ వస్తుంది. 2005 నాటి ఆ చట్టం కింద ఆదేశం ప్రతిని కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరు అడిగితే ఫిర్యాదుగా మిగిలిపోవచ్చు. వంద మంది అడిగితే కంపెనీ గానీ, కార్యాలయం గానీ జవాబు వెతుక్కోవలసి వస్తుంది.

రీచార్జి చేసేటప్పుడు మనం కొంటున్నది కొన్ని జీబీల డేటా మాత్రమే కాదు. మన మాట అవతలి వరకు చేరుతుందన్న హామీని కూడా కొంటున్నాం. ఒకప్పుడు మన పెద్దలకు ప్రకటన వేసుకోవడానికి పత్రికలో చోటు దొరకలేదు. చదువుకుంటున్న మనం కనీసం 'ఎందుకు ఆపారు, ఎవరు ఆపమన్నారు, ఎప్పటిదాకా?' అని అడగడం నేర్చుకోవాలి. మనం అడుగుదాం, అడగడం మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా నేర్పుదాం.