ఏటికి అవతలి పౌరసత్వం

ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కితే కాసేపట్లో యానాంలో ఉంటాం. మన కోనసీమ వాళ్ళకు అక్కడ చుట్టరికాలున్నాయి, బేరసారాలున్నాయి. కాని 1962 దాకా చట్టం లెక్కన ఆ ఒడ్డు పరాయి దేశం. బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలయ్యాక మనవాళ్ళు పెళ్ళి బృందాలతో ఏరు దాటేవారట! అందుకే యానానికి కల్యాణపురం అని పేరొచ్చింది. చట్టం గౌతమి ఒడ్డున ఆగిపోయేదన్నమాట.

మరి అక్కడి మనుషులు ఏ దేశస్థులయ్యారు? నేను చదివేది సైన్సే గాని ఈ ఒప్పందం సంగతి తెలుసుకున్న కొద్దీ ఆసక్తి పెరిగింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వాన యానాం ఫ్రెంచి పాలననుంచి బయటపడింది. ఆ నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు దాని పరిపాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. 1956 మే 28న ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై, అది 1962 ఆగస్టు 16న గాని అమల్లోకి రాలేదు. ఆ ఎనిమిదేళ్ళూ పాలన మనది, ప్రజలు మాత్రం కాగితం మీద ఫ్రెంచివారు.

ఆ రోజునుంచి, అక్కడే పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు వాటంతటవే భారత పౌరులవుతారు. కాదు, ఫ్రెంచి జాతీయతే కావాలనుకునేవారు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. అంటే సార్వా ఊడ్పులనుంచి దాళ్వా ఊడ్పులదాకా గడువు. ఊరుకుంటే భారతీయుడే. పెళ్ళికాని, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు తండ్రి నిర్ణయమే వర్తిస్తుంది. తండ్రి లేకపోతే తల్లిది. తండ్రి మాట మీద ఫ్రెంచివాడైన పిల్లవాడు పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లో భారత పౌరసత్వం కోరుకోవచ్చు. నాకు ఆశ్చర్యం కలిగించినది మరొకటి. భర్త నిర్ణయం భార్యకు అంటదు! ఒకే పొయ్యి దగ్గర రెండు దేశాలు ఉండవచ్చు.

నాలుగు చోట్లా కలిపి ఫ్రెంచి జాతీయత నిలుపుకున్నవారు సుమారు అయిదు వేలమంది అంటారు. ఫ్రెంచి సైన్యంలోనో కొలువులోనో చేసి పింఛను తీసుకునేవారికి ఇందులో లాభం తేలిగ్గా కనబడుతుంది. లంకల్లో కూలి చేసుకునేవాడికి ఆ ప్రకటన ఎవరు చదివి చెప్పాలి? అడగడం వేరు, అర్థమయ్యేలా అడగడం వేరు అని నా అభిప్రాయం.

మన ఒడ్డున ఆ మాత్రం కూడా అడగలేదు. బ్రిటిషు ప్రజలుగా ఉన్న మన పెద్దలు రాజ్యాంగంతో భారత పౌరులయ్యారు. అయినా కామన్వెల్తు పౌరులుగా బ్రిటనుకు వెళ్ళి ఉండే వీలు మిగిలింది. దాన్ని బ్రిటను సరిగ్గా 1962లోనే బిగించింది. 1968లో ఇంకా ముందుకు పోయి, కెన్యాలో ఉన్న భారత సంతతివారిని, వారి చేతిలో బ్రిటిషు పాస్‌పోర్టు ఉన్నా, రాకుండా అడ్డుకుంది. 1971 చట్టం నివాస హక్కును విడిగా నిర్వచించింది. అంటే జాతీయత వేరు, కాలు పెట్టి కాపురముండే హక్కు వేరు అయిపోయాయి. యానాంలో ఫ్రాన్సును కోరుకున్నవారికి ఈ చిక్కు రాలేదు. వాళ్ళు ఫ్రాన్సు వెళ్ళి స్థిరపడవచ్చు, అక్కడి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయవచ్చు.

వాళ్ళ చిక్కు ఇక్కడే. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు గనుక సొంత ఊళ్ళో వాళ్ళు విదేశీయులు. 2005 తరవాత వచ్చిన ఓ.సి.ఐ. కార్డు, 1947 ఆగస్టు 15 తరవాత దేశంలో కలిసిన ప్రాంతాలవారికీ, వారి సంతానానికీ దొరుకుతుంది. దానితో ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. ఓటు లేదు. వ్యవసాయ భూమి వారసత్వంగా వస్తే సరే గాని కొనడానికి వీల్లేదు. రైతు బిడ్డను కనుక నా కన్ను ముందు దీని మీదే పడింది. 1963లో తాత చేసిన ఒక్క సంతకంతో, ఇవాళ మనవడు యానాంలో మేడ కొనగలడు గాని వారధి దిగి ఇటు అరెకరం కొబ్బరితోట కొనలేడు.