దత్తత పాప ఫొటో స్టేటస్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ద్వారా మాకు పాప వచ్చింది. దత్తత ఉత్తర్వు ఇంకా రాలేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టమని చుట్టాలు ఒకటే పోరు. పెట్టొచ్చా?
– ఓ తల్లి, నల్లచెరువు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మీ జిల్లా కేంద్రం పుట్టపర్తిలో కలెక్టర్ దత్తత ఉత్తర్వు ఇచ్చేదాకా పాప మీ దగ్గర తాత్కాలిక సంరక్షణలో ఉన్నట్టే. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టం–2015లోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే 6 నెలల దాకా జైలు, రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఉత్తర్వు వచ్చాక ‘మా ఇంటికి మహాలక్ష్మి వచ్చింది’ అని నిక్షేపంగా పెట్టుకోండి. అయితే పాప ఎక్కడ దొరికింది, ఏ శిశుగృహం నుంచి వచ్చింది లాంటివి రాయకండి. ఆ సంగతులు పాపవి. ఊరికంటే ముందు, మీ నోటితోనే తనకు తెలియాలి.