చిలుకూరి స్వప్నము

హైదరాబాదునుండి చేవెళ్ళకు పోవు త్రోవలో మొయినాబాదు కలదు. ఆ మండలమునందలి చిలుకూరులో, ఉస్మాన్‌సాగర్ జలాశయమునకు సమీపమున, శ్రీ వేంకటేశ్వరస్వామి వెలసియున్నాడు. ఆ ఆలయమునకు మూలము ఒక స్వప్నమని స్థలపురాణము. ఏటేట తిరుమలకేగి స్వామిని సేవించు భక్తుడొకడు వ్యాధిపీడితుడై ఒక యేడు పోలేకపోయెను. అంతట స్వామి కలలో సాక్షాత్కరించి, తాను చెంతనున్న అడవిలోనే ఉన్నానని పలికి, ఒక పుట్టను చూపెనట.

ఇది వినినవాడు, ‘పోవలెనని తపించువానికి పోదలచిన చోటి దేవుడే కలలో కనబడినాడు, ఇందు వింతయేమి?’ అని అడుగవచ్చును. ఆ ప్రశ్నను కసరికొట్టుట తగదు. స్వప్నము కోరికల యీడేర్పని వియన్నా వైద్యుడు ఫ్రాయిడు వివరించిన గ్రంథము 1899లో వెలువడినది. అంతకు ఎన్నో శతాబ్దుల మునుపే చరకసంహిత, ఇంద్రియస్థానమున, కలలను ఏడు తెగలుగా విభజించినది. చూచినవి, వినినవి, అనుభవించినవి, కోరినవి, ఊహించినవి, రానున్న ఫలమును తెలుపునవి, వాతాదిదోషములవలన పుట్టునవి. వీనిలో మొదటి యైదును నిష్ఫలములని ఆ శాస్త్రము త్రోసివేసినది. కోరిన కల, అనగా ప్రార్థితము, ఆ యైదింటిలోనిదే! చిలుకూరి భక్తుని కల పైకి ప్రార్థితముగనే తోచును. అతడు రోగి గనుక దోషజమనుటకును వీలున్నది. ఇక దానిని ఫలసూచకమైన భావికమని నిర్ణయించుట యెట్లు?

కలలోనే యుండి కలను పరీక్షింపజాలము. బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయమునందలి సంధ్యాధికరణము ఈ చిక్కును విచారించినది. స్వప్నసృష్టి మాయామాత్రమని శంకరులు స్థాపించిరి; అయినను అది శుభాశుభములను సూచింపవచ్చునని అంగీకరించిరి. కలలో ఎక్కిన యేనుగు మిథ్య, అది సూచించు మేలు మిథ్య కానక్కరలేదు. రామానుజులు మరియొక అడుగు ముందుకు వేసి, స్వప్నపదార్థములను సృజించువాడు ఈశ్వరుడే యనిరి.

నిద్రను యంత్రములతో పరీక్షించినవారు చెప్పునదియు కొంత కలదు. మూసిన రెప్పలక్రింద కనుగ్రుడ్లు వడిగా కదలు నిద్రాదశను అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1953లో ప్రకటించిరి. ఆ దశలో లేపబడినవారు తరచుగా కలను చెప్పుదురు. ఇంచుమించు 90 నిమిషముల కొకమారు వచ్చు ఈ దశ తెల్లవారుజామున దీర్ఘమగును. వేకువకల నిజమగునను నానుడి యెట్లు పుట్టినదో దీనివలన కొంత ఊహింపవచ్చును. ఆ జామున కల పెద్దది, మెలకువయు దగ్గరిది, కావున మఱపు రాదు. నిజమగుట మాత్రము వేరు సంగతి. మరియొక విశేషము: ఆ దశలో కాలుసేతుల కండరములు సడలి కదలకుండును. కలగనువాడు ఎంత పరుగెత్తినను పడకమీదనే యుండును.

చిలుకూరి భక్తుడు పడకనుండి లేచెను. అడవికేగి పుట్టను త్రవ్వెను. గొడ్డలి వేటు స్వామి గడ్డముక్రిందను, వక్షమునందును తగిలి నెత్తురు పొంగెనని కథ. కలలో తెలిసినది చోటు మాత్రమే, లోతు తెలియలేదు. మేల్కొన్నవాని చేతికి వదలబడిన భాగమది, అక్కడనే గాయమైనది. ఆవుపాలతో పుట్టను తడుపుమని అశరీరవాణి పలికినది జాగ్రదవస్థలోనే. పాలు పోయగా శ్రీదేవీ భూదేవీ సమేతుడై స్వామి వెలువడెను.

పతంజలి యోగసూత్రముల మొదటి పాదమున, స్వప్నమునందు గాని నిద్రయందు గాని కలిగిన జ్ఞానమును ఆలంబనముగా గొని చిత్తమును నిలుపవచ్చునని చెప్పబడినది. కలలో మనోహరమైన దైవమూర్తిని చూచి ప్రసన్నుడై మేల్కొన్నవాడు ఆ మూర్తినే ధ్యానింపవలెనని వాచస్పతిమిశ్రుడు దీనికి తాత్పర్యము చెప్పెను. నేడు చిలుకూరికి వచ్చువారిలో చదువు, ఉద్యోగము, విదేశయానము మున్నగువానికై నిద్ర కఱవైనవారు తక్కువగా నుండరు. కోర్కె విన్నవించుకొనునపుడు 11, అది తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుట అచటి ఆచారము. ఆలయమున హుండీ లేదు. భక్తులు అంకెల చీటిని చేతబట్టి, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క గుర్తు వేసికొనుచు, లెక్క తప్పకుండ నడచుచుందురు.