పెద్ద ఇంజను బండి: యువకుని ముచ్చట, ఇంటి బాధ్యత

ఒకప్పుడు మన గ్రామములకు మోటారు కారు వచ్చినదనిన పిల్లలు దాని వెంట పరుగెత్తెడివారు. నేడు ఆ పిల్లల మనుమలే స్టీరింగు ముందు కూర్చుండుచున్నారు. పంట సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట పట్టణమునకు పోయి, వాడిన డీజిలు బండిని కొని కుమారుని చేతికిచ్చుట సాధారణమైనది. ఇందు తప్పులేదు. ఆసుపత్రికి, మార్కెటు యార్డుకు, శుభకార్యములకు బండి అక్కరకు వచ్చును. కాని పెద్ద ఇంజను గల బండికి మనము చెల్లించు వెల దాని ఖర్చులో మొదటి భాగము మాత్రమే. తక్కిన భాగము బీమా, ఇంధనము, చట్టపు బాధ్యతల రూపమున వెంట వచ్చును. పంచాయతీ సభ్యులు ఈ సంగతులను తెలిసికొని పదిమందికి చెప్పినచో కొన్ని కుటుంబములైనను ఆపద నుండి తప్పించుకొనగలవు.

బీమా ఎవరి కొరకు?

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము బీమా లేని బండిని బహిరంగ స్థలములో నడుపరాదు. ఇచట చట్టము కోరునది బండి వలన ఇతరులకు కలుగు నష్టమునకు బీమా. దీనినే థర్డ్ పార్టీ బీమా అందురు. మన బండికి తగిలిన దెబ్బకు, దొంగతనమునకు పరిహారము కావలెనన్నచో అందులకు వేరుగా ప్రీమియం చెల్లించి సమగ్ర బీమా తీసికొనవలెను.

థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను పరిమాణమును బట్టి నిర్ణయింపబడును. 2022 జూన్ 1న అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము ప్రైవేటు కారునకు ఏటా చెల్లించవలసినది: 1,000 సి.సి. మించనిచో 2,094 రూపాయలు. 1,000 మించి 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, 1,500 సి.సి. మించినచో 7,897 రూపాయలు. పన్ను అదనము. రేట్లు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక కొనునాటి రేటును విచారించుకొనవలెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. బ్రిటన్ వంటి దేశములలో బండి నడుపువాని వయస్సు చూచి బీమా కంపెనీలు ప్రీమియం పెంచును. పడుచువానికి పెద్ద ఇంజను బండి అనిన అచట మోయరాని ఖర్చు. మన దేశమున థర్డ్ పార్టీ ప్రీమియమునకు వయస్సుతో నిమిత్తము లేదు. ఇరువది ఏండ్ల కుర్రవానికిని, ఏబది ఏండ్ల అనుభవశాలికిని ఒకటే రేటు. అనగా, తొందరపాటునకు అచట ప్రీమియం వేయు పగ్గమును ఇచట ఇంటి పెద్దలే వేయవలసియున్నది.

ఇంధనపు లెక్క

ఉదాహరణకు చిన్న బండి లీటరునకు 20 కిలోమీటర్లు, పెద్ద బండి 12 కిలోమీటర్లు నడచుననుకొందము. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగినచో మొదటిదానికి 50 లీటర్లు, రెండవదానికి 83 లీటర్లు కావలెను. లీటరు నూరు రూపాయలుగా లెక్కించినను నెలకు 3,300 రూపాయలు, ఏడాదికి సుమారు 40,000 రూపాయలు అధికమగును. టైర్లు, మరమ్మతులు వేరు. కొనుటకు ముందే ఈ లెక్క కాగితముపై వేసి చూడవలెను.

మార్పులు, చేర్పులు

బండి చేతికి వచ్చిన వెంటనే దానికి సొగసులు దిద్దవలెనని యువకులకు ఉత్సాహము. కాని అదే చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఈ నియమమును మీరిన యజమానికి, 2019 సవరణ మేరకు, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. ఇంజను మార్చుటకును, గ్యాసు కిట్టు అమర్చుటకును రవాణా శాఖ అనుమతి పొంది పత్రములో నమోదు చేయించవలెను. బీమా కంపెనీకి కూడ తెలియజేయవలెను. లేనియెడల నష్టము కలిగిననాడు పరిహారము విషయమున చిక్కులు తప్పవు.

వాయిదాలు కట్టుటకై సొంత బండిని కిరాయికి త్రిప్పుట కూడ ఇటువంటి పొరపాటే. ప్రైవేటు బండిగా తీసికొన్న బీమా కిరాయి ప్రయాణమునకు వర్తింపదు.

ఆపద వచ్చినచో

ఒక రైతు 2,500 సి.సి. పాత బండిని కొని తన పేర మార్పించుకొనెననుకొందము. మరుసటి ఏడు బీమా గడువు ముగిసినది. కోతల హడావుడిలో తండ్రి మరచెను. ప్రీమియమునకు చాలిన సొమ్మును కుమారుడు వెడల్పు చక్రములపై వెచ్చించెను. ఒక రాత్రి పెండ్లి నుండి తిరిగి వచ్చుచు, పొలము నుండి ఇంటికి పోవు కూలీని బండితో ఢీకొట్టెను. కూలీ మరణించెను, అతని భార్యాబిడ్డలు ట్రిబ్యునలును ఆశ్రయించిరి. బీమా ఉన్నచో ఆ పరిహారమును కంపెనీ చెల్లించియుండును. బీమా లేదు గనుక తండ్రీకొడుకులే బాధ్యులు. చెల్లింపనిచో 174వ సెక్షను ప్రకారము ట్రిబ్యునలు కలెక్టరునకు సర్టిఫికెట్టు పంపవచ్చును. కలెక్టరు దానిని భూమి శిస్తు బకాయి వలె వసూలు చేయును. శిస్తు బకాయి అనిన ఎట్టిదో మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇటు ఒక కుటుంబము భూమిని పోగొట్టుకొనును. అటు మరియొక కుటుంబము ఆధారమును కోల్పోయి, పరిహారము కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచును. ఈ రెండు ఇండ్లును ఒకే పంచాయతీలోనివి కావచ్చును.

పదునెనిమిది నిండని బాలునికి కారు అప్పగించుట అంతకన్న పెద్ద నేరము. 2019లో చేర్చిన 199ఎ సెక్షను క్రింద సంరక్షకునికి లేదా యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

గ్రామమునకు క్రొత్తగా బండి వచ్చినప్పుడు కొబ్బరికాయ కొట్టుటకు సభ్యులను పిలుతురు. ఆనాడే ఈ అయిదు ప్రశ్నలు ఆప్యాయముగా అడుగవచ్చును.

1. రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నది? అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా శాఖకు తెలియజేయవలెను. పేరు మారనిచో, అమ్మివేసిన పాత యజమాని కూడ చిక్కులలో పడును.

2. బీమా పత్రములో కొన్నవాని పేరు చేరినదా? ఇందులకై 14 దినములలో కంపెనీకి దరఖాస్తు చేయవలెను.

3. గడువు ఏనాటితో ముగియును? ఆ తేదీని గోడ క్యాలెండరుపై వ్రాసి ఉంచవలెను.

4. నడుపువానికి తగిన లైసెన్సు కలదా?

5. బండికి చేసిన మార్పులు పత్రములో నమోదైనవా?

బండి, పత్రము, నడుపువాడు ఈ మూడును ఒకదానితో ఒకటి సరిపోవలెను. సరిపోనిచోటనే కుటుంబములు చితికిపోవుచున్నవి. రాబోవు గ్రామసభలో ఒక అరగంట దీనికి కేటాయించి, యువకులను పిలిచి, వారి పత్రములను వారి చేతనే చదివించుడు. ఇది వారి ముచ్చటకు అడ్డుతగులుట కాదు. ఆ ముచ్చట వారి ఇంటికిని, దారిన పోవు కూలీకిని కీడు కలిగింపకుండ కాపాడుటయే.