అవకాశంలో సమానత్వం – ఫలితంలో సమానత్వం

"ప్రభుత్వం హాస్టల్ ఇచ్చింది, పుస్తకాలు ఇచ్చింది. ఇంకా మీకు రిజర్వేషన్ ఎందుకు?" ఈ ప్రశ్న ఎదురుకాని వారు మనలో అరుదు. దీనికి కోపంతో కాక, విషయం తెలుసుకొని జవాబు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

రాజనీతిశాస్త్రంలో సమానత్వాన్ని రెండు విధాలుగా చూస్తారు. అందరినీ ఒకే నియమాలతో పోటీలోకి రానివ్వడం అవకాశంలో సమానత్వం. పోటీ ముగిశాక ఎవరికి ఏమి దక్కిందో చూసి తేడాలు తగ్గించడం ఫలితంలో సమానత్వం.

మనకు తెలిసిన బెంజ్ సర్కిల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పచ్చలైటు అందరికీ ఒకేసారి పడుతుంది. కారు క్షణంలో దాటిపోతుంది. తోపుడు బండి తాత సగం దూరం వచ్చేసరికి ఎర్రలైటు పడుతుంది. లైటు ఎవరి పక్షమూ వహించలేదు. అయినా ఇద్దరికీ దొరికింది ఒకే అవకాశమా?

సుప్రీంకోర్టులో ఇలాంటి ప్రశ్న వేసినవారు మన తెలుగువారే. జస్టిస్ కోకా సుబ్బారావు 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. భర్తీకాని రిజర్వుడు ఖాళీలను తర్వాతి సంవత్సరాలకు కలిపే నియమాన్ని 1963లో దేవదాసన్ కేసులో నలుగురు న్యాయమూర్తులు కొట్టివేశారు. ఆయన ఒక్కరే విభేదించారు. పందెపు గుర్రాన్ని, మామూలు గుర్రాన్ని ఒకే గీత మీద నిలబెడితే అది పేరుకే సమాన అవకాశమని వివరించారు. రిజర్వేషన్లకు వీలు కల్పించే 16(4) అధికరణ సమాన అవకాశానికి మినహాయింపు కాదన్నారు.

1975లో ఎన్.ఎం. థామస్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో ఈ దారికే వచ్చింది. కేరళలో ఎస్సీ, ఎస్టీ గుమాస్తాలకు ప్రమోషన్ పరీక్షలు పాసయ్యేందుకు అదనపు గడువు ఇవ్వడం సమానత్వానికి విరుద్ధం కాదని చెప్పింది. గమనించండి, పరీక్షను శాశ్వతంగా ఎత్తివేయలేదు. గడువు మాత్రమే పెంచారు.

మన హాస్టల్ కూడా అలాంటి గడువే. కూలికి వెళ్ళే అమ్మానాన్నలు లెక్కలు చెప్పలేరు, ట్యూషన్ ఫీజు కట్టలేరు. అందరికీ ఒకే మార్కులు వేయమని మనం అడగడం లేదు. అయితే ఏటా ఒకే పేటల పిల్లలు వెనకబడుతుంటే లోపం పిల్లల్లో కాదు, పరుగు మొదలయ్యే చోట ఉంది. ఆ సంగతి బయటపెట్టేది ఫలితమే. అందుకే అవకాశం నిజంగా సమానమో కాదో తేల్చడానికి ఫలితాన్ని చూడక తప్పదు.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. నెలకు ఒక ఆదివారం వచ్చి తమ్ముళ్ళకు లెక్కలో, ఇంగ్లీషో చెప్పండి. మనం అందుకున్న గడువును వారికీ అందిద్దాం.