ఉన్ని ఫెల్టింగ్: చేయవలసినవి - చేయకూడనివి

కుందుర్పి వంటి మెట్ట ప్రాంతంలో గొర్రెలు మేపే ఇళ్లకు ఉన్ని, కంబళి కొత్త కావు. మగ్గం లేకుండా ఉన్నిని తడిపి రుద్దో, సూదితో గుచ్చో దట్టమైన గుడ్డగా మార్చే ఫెల్టింగ్‌లో మాత్రం వేడినీళ్లతోనూ, గరుకు మొనల సూదులతోనూ పని. నేర్చుకునేవారు, నేర్పేవారు ఇవి తప్పక పాటించండి.

చేయవలసినవి

- ఆరోగ్యంగా ఉన్న గొర్రెల ఉన్నినే తీసుకోండి.
- మందకు దొమ్మ రోగం (ఆంత్రాక్స్) టీకా వేశారో లేదో అడగండి.
- పిడుదుల మందు ఎప్పుడు కొట్టారో తెలుసుకోండి. అది ఉన్ని జిడ్డుకు పట్టి ఉంటుంది.
- విదిలించడం, ఏకడం ఆరుబయటే చేయండి. మాస్కు కట్టుకోండి, గాలికి ఎదురుగా కూర్చోకండి.
- చేతికి చిన్న గాటు ఉన్నా కట్టు కట్టి, రబ్బరు తొడుగులు వేసుకోండి.
- ధనుర్వాతం టీకా వేయించుకోండి.
- నీళ్ల వేడిని ముందు ముంజేతితో చూసుకోండి.
- సూదిని నిటారుగా గుచ్చి నిటారుగానే తీయండి. పక్కకు వంచితే విరుగుతుంది.
- పని ముగియగానే సూదులు లెక్కపెట్టి మూత డబ్బాలో వేయండి.
- పొయ్యి వెలిగించే ముందే రెండు బిందెల చల్లనీళ్లు పక్కన పెట్టుకోండి. కాలిన చోట 20 నిమిషాలు నీళ్లు పోయాలి. కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పలేం.
- చర్మంపై నొప్పి లేని పుండు, మధ్యలో నల్లటి చెక్కు కనిపిస్తే అది దొమ్మ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఉన్ని పని చేస్తున్నట్టు డాక్టరుకు చెప్పండి.

చేయకూడనివి

- హఠాత్తుగా చచ్చిన గొర్రె ఉన్నిని కత్తిరించవద్దు.
- ముక్కు నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతుంటే కళేబరాన్ని తాకవద్దు, కోయవద్దు.
- వేడినీళ్లు, సబ్బు ఉన్నాయి కదా అని ధీమా పడవద్దు. దొమ్మ బీజాలు వాటికి చావవు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో ఉన్ని ఏరే కూలీలను చంపింది ఈ రోగమే.
- నెల్లూరు జాతి గొర్రెల బొచ్చుతో ప్రయత్నించవద్దు. అది అతుక్కోదు, అతుక్కోలేదని నీళ్లు ఇంకా మరగించి చేతులు కాల్చుకుంటారు.
- హీటర్ రాడ్ ప్లగ్ తీయకుండా బకెట్‌లో వేలు పెట్టవద్దు.
- తొడ మీద పెట్టుకుని సూది గుచ్చవద్దు.
- సూదితో చేసిన బొమ్మను పసిపిల్లలకు ఇవ్వవద్దు. విరిగిన మొన లోపల ఉండిపోవచ్చు.
- కిత్తనార కలిపేవారు పచ్చి మట్టల రసం ఒంటికి తగలనివ్వవద్దు. దురద, బొబ్బలు వస్తాయి.
- అద్దకానికి మైలుతుత్తం కలిపిన గిన్నెలో మళ్లీ వంట చేయవద్దు.
- ఆ అద్దకం నీళ్లు కుంటలోకి, బోరు పక్కకు పారబోయవద్దు. తాగేది పశువులైనా మనమైనా ఆ నీళ్లే.
- కాలిన చోట టూత్‌పేస్టు, ఇంకు పూయవద్దు. ఎవరు చెప్పినా వినవద్దు.

మందలో అనుమానపు చావు జరిగితే 1962కు, మనిషికి ప్రమాదమైతే 108కి ఫోన్ చేయండి.